మాంచెస్టర్ బై ద సీ ఎండింగ్: ఒక ఎక్స్‌ట్రా రూమ్ గురించి

ఇది మొత్తం ఎండింగ్ గురించే రాస్తున్నా కాబట్టి సినిమా ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, చూసొచ్చాక చదవండి. ఏదీ దాచట్లేదు. మాంచెస్టర్ బై ద సీ 2016లో వచ్చింది, కెన్నెత్ లోనర్‌గన్ రాసి తీశాడు, నిడివి రెండు గంటల పదిహేడు నిమిషాలు. మొదటిసారి చూసినప్పుడు ఆఖర్న నాకు నిజంగా కోపం వచ్చింది, ఇంతసేపు కూర్చోబెట్టి ఇంత ఏడిపించి చివరికి హీరో లీ ఉండలేను వెళ్ళిపోతా అంటాడేంటి, మరి వాడి అన్న కొడుకు సంగతేంటి అని. టీవీ ఆపేశాక కూడా చాలాసేపు గొణుక్కుంటూనే ఉన్నా. ఈమధ్య మళ్ళీ చూశా, ఈసారి ఒక్కదాన్నే, మధ్యలో లేవకుండా. ఇప్పుడు నా మాట ఏంటంటే ఈ కథకి వేరే ఏ ముగింపు పెట్టినా అబద్ధమయ్యేది. ఎందుకో చెప్పాలంటే మొదట్నించీ రావాలి.

లీ చాండ్లర్‌గా చేసింది కేసీ ఆఫ్లెక్. బోస్టన్ పక్కన క్విన్సీ అనే ఊళ్ళో నాలుగు అపార్ట్‌మెంట్ బిల్డింగులకి పనులు చేసే మనిషి. టాయిలెట్ జామ్ అయితే తీస్తాడు, లీకులు చూస్తాడు, గుమ్మాల ముందు మంచు పారతో ఎత్తిపోస్తాడు, వచ్చి బేస్‌మెంట్లో ఒక్క గదిలో పడుకుంటాడు. ఎవరైనా ప్రేమగా మాట్లాడితే మొహం పక్కకి తిప్పేస్తాడు, రాత్రి బార్‌కెళ్ళి ముక్కూ మొహం తెలియనివాళ్ళని కొడతాడు. ఎందుకో మనకి చెప్పరు. ఒకరోజు ఫోన్ వస్తుంది, అన్నయ్య జో గుండె ఆగిపోయిందని. కారులో గంటన్నర ప్రయాణం చేసి వెళ్ళేసరికి అన్న లేడు. ఇక అక్కడినించి అసలు కథ, ఎందుకంటే జో వీలునామాలో తన పదహారేళ్ళ కొడుకు పాట్రిక్‌కి గార్డియన్‌గా తమ్ముడి పేరు రాసేశాడు, తమ్ముడితో ఒక్క మాట కూడా చెప్పకుండా.

లాయర్ ఈ విషయం చదివి చెప్తున్నప్పుడు లీ మొహం చూడండి. ఎవరో గొంతు పట్టుకున్నట్టు అయిపోతాడు. సరిగ్గా అదే సీన్‌లో, లాయర్ మాట్లాడుతుండగానే, పాత రాత్రి ముక్కలు ముక్కలుగా వచ్చి పడుతుంది. ఫ్లాష్‌బ్యాక్ వస్తోందని మనకి ముందు హింట్ ఇవ్వడం, కలర్ మార్చడం, మసక పెట్టడం ఏమీ ఉండవు. ఇప్పుడు జరుగుతున్నదీ అప్పుడు జరిగిందీ ఒకే వెలుతురులో ఒకే చలిలో పక్కపక్కనే కూర్చుంటాయి. ఎడిటర్ జెన్నిఫర్ లేమ్. లీ బుర్ర పనిచేసేదే అలా కదా, వాడికి గతం అనేది వేరే డబ్బాలో లేదు.

ఆ రాత్రి ఏం జరిగిందంటే, ఇంట్లో ఫ్రెండ్స్‌తో పొద్దుపోయేదాకా తాగాడు, భార్య రాండీ తిట్టి అందర్నీ పంపించేసింది, వీడు ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వేసి ఇంకొంచెం బీరు తెచ్చుకుందామని నడుచుకుంటూ షాపుకి బయలుదేరాడు. ఫైర్‌ప్లేస్ ముందు అడ్డంగా పెట్టే తెర పెట్టానా లేదా అని దారిలో డౌటొచ్చింది. పెట్టే ఉంటాలే అనుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు మొత్తం మంటల్లో ఉంది, పైన ముగ్గురు పిల్లలు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక చంటిపిల్లాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం చూపిస్తాడు లోనర్‌గన్, అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. రాండీని స్ట్రెచర్ మీద పెట్టి అంబులెన్స్‌లోకి ఎక్కించబోతుంటే ఆ స్ట్రెచర్ కాళ్ళు మడతపడవు. ఆ ఇద్దరు మనుషులు తోస్తారు, మడవదు, వెనక్కి లాగుతారు, మళ్ళీ తోస్తారు. ప్రపంచంలో అంతకన్నా ఘోరం ఇంకోటి లేని నిమిషంలో కూడా ఇనప కాళ్ళు మొండికేస్తాయి. ఏ డైలాగూ ఆ పని చేయలేదు. నిజంగా ఇంట్లో ఏదైనా జరిగినప్పుడు మనకి గుర్తుండిపోయేవి ఇలాంటివే, తలుపు గడియ పడకపోవడం, చెప్పులు దొరక్కపోవడం.

ఒక్క కంప్లైంట్ ఇక్కడ పెడతా. ఈ మంటల సీన్ మొత్తం మీద అల్బినోని పేరుతో అందరికీ తెలిసిన ఆ అడాజియో మ్యూజిక్ చాలా గట్టిగా, చాలాసేపు మోగుతుంది. లెస్లీ బార్బర్ సినిమాకి ఇచ్చిన మ్యూజిక్ మిగతా చోట్ల ఎంత సున్నితంగా ఉందో, ఇక్కడ ఈ పాత ముక్క అంత మోత మోసింది. ఆ స్ట్రెచర్ కాళ్ళ చప్పుడు, గాలి చప్పుడు వదిలేసుంటే చాలు. కొంతమందికి ఆ మ్యూజిక్ వల్లే సీన్ నచ్చింది అంటారు, నాకు మాత్రం ఏడవమని భుజం పట్టి ఊపినట్టు అనిపించింది.

తర్వాత పోలీస్ స్టేషన్. లీ జరిగిందంతా చెప్తాడు, ఏదీ దాచడు, తాగిన సంగతి కూడా. పోలీసులు విని, ఘోరమైన పొరపాటు జరిగింది గానీ ఇది నేరం కాదు, నిన్నేం చేయం, వెళ్ళొచ్చు అంటారు. అప్పుడు లీ నమ్మలేనట్టు చూస్తాడు. ఇంతేనా, వెళ్ళిపోవచ్చా అని అడుగుతాడు. వాడు శిక్ష కోసం వచ్చాడండీ. వాళ్ళు ఇవ్వలేదు. బయటికి నడుస్తూ పక్కనున్న పోలీసు నడుం దగ్గరి గన్ లాక్కుని తనకే గురిపెట్టుకుంటాడు, పేలదు, పట్టేసుకుంటారు. నాకు రెండోసారి చూసినప్పుడు అర్థమైంది, ఆ బేస్‌మెంట్ గది, ఆ బార్ కొట్లాటలు, ఆ పారతో మంచు ఎత్తడం, అవన్నీ వీడు తనకి తానే వేసుకున్న శిక్ష. కోర్టు వేసుంటే దానికి ఇన్నేళ్ళు అని ఒక లెక్క ఉండేది, ఏదో ఒకరోజు విడుదల ఉండేది. తనకి తాను వేసుకున్నదానికి విడుదల తేదీ ఎవరు రాస్తారు?

ఇప్పుడు ఈ మొత్తం రివ్యూకి గుండెకాయ లాంటి సీన్ చెప్తా, చాలామంది పట్టించుకోరు దీన్ని. మంటల తర్వాత లీ క్విన్సీకి వెళ్ళిపోయిన కొత్తల్లో జో, చిన్న పాట్రిక్ వాణ్ణి చూడటానికి వస్తారు. గదిలో ఏమీ ఉండదు. జో చుట్టూ చూసి, ఇలా కుదరదు, నీకు సామాను కావాలి అంటాడు. లీ వద్దంటాడు. జో వినడు, తీసుకెళ్ళి కొనిపిస్తాడు. అంతే సీన్. అన్న అనేవాడు ఏం చేయగలడు, పిల్లల్ని తెచ్చివ్వలేడు, రాత్రిని వెనక్కి తిప్పలేడు. కూర్చోడానికి ఒక చోటు పెట్టగలడు. ఈ సీన్‌ని పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఊరి గురించి కూడా చెప్పాలి, ఊరే సగం కథ. మాంచెస్టర్ బై ద సీ అనేది మాసచుసెట్స్‌లో నిజంగా ఉన్న ఊరు, కేప్ ఆన్ దగ్గర సముద్రం ఒడ్డున. ముందు ఉత్త మాంచెస్టరే, 1989లో అధికారికంగా పేరు మార్చారు. సినిమాలో చిన్న హార్బర్, చేపల పడవలు, తెల్లటి చెక్క ఇళ్ళు, బూడిదరంగు నీళ్ళు. ఎంత అందంగా ఉంటుందంటే ఇలాంటి చోట ఎవరికైనా బతకాలనిపిస్తుంది, లీకి తప్ప. ఎందుకంటే అందరికీ వాడు తెలుసు. రోడ్డు మీద, హాకీ గ్రౌండ్ దగ్గర, ఆ లీ చాండ్లరా అని గుసగుసలు. పాట్రిక్ కోసం ఇక్కడే పని దొరుకుతుందేమో అని బోట్ యార్డుల్లో అడగడానికి వెళ్తాడు కూడా, ఒకచోట ఆవిడ, వీడు ఇంకోసారి ఇక్కడ కనపడకూడదు అన్నట్టు మాట్లాడుతుంది. ప్రయత్నించకుండా పారిపోయాడు అనేవాళ్ళు ఈ సీన్లు మర్చిపోతున్నారు. వాడు ప్రయత్నించాడు. తలుపులు తట్టాడు.

పాట్రిక్‌గా లూకస్ హెడ్జెస్ చేశాడు, అబ్బ ఏం చేశాడండీ. మామూలుగా తండ్రి పోయిన పిల్లాడంటే మూలన కూర్చుని ఏడ్చేవాణ్ణి చూపిస్తారు కదా. వీడు ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలుస్తాడు, పిజ్జా తెప్పిస్తాడు, ఇద్దరు గర్ల్‌ఫ్రెండ్స్‌ని మేనేజ్ చేస్తుంటాడు, బ్యాండ్ ప్రాక్టీసుకి వెళ్తాడు. వాడికేం బాధ లేదా అనుకుంటున్నంతలో ఒక రాత్రి ఫ్రీజర్ తలుపు తీస్తాడు, గడ్డకట్టిన చికెన్ ప్యాకెట్లు కింద పడతాయి, మళ్ళీ లోపల పెట్టబోతే మళ్ళీ పడతాయి, వాడికి ఊపిరాడదు. ఎందుకంటే చలికాలం నేల గడ్డకట్టి ఉండటం వల్ల వసంతం దాకా పూడ్చడం కుదరదని జో శవాన్ని ఫ్రీజర్‌లోనే పెట్టారు. నాన్న అక్కడ, ఈ చికెన్ ఇక్కడ. లీ వచ్చి తలుపు నెట్టుకుని లోపలికొచ్చి, ఏం చేయాలో తెలియక, ఒక కుర్చీలో కూర్చుంటాడు. నువ్వు కాస్త నెమ్మదించేదాకా ఇక్కడే ఉంటా అన్నట్టు. మాటలు రావు, ఓదార్చడం చేతకాదు, కానీ గదిలోనించి వెళ్ళడు.

పాట్రిక్ వాదన కూడా సినిమాలో చాలా న్యాయంగా ఉంటుంది. నా స్కూలు ఇక్కడుంది, హాకీ ఇక్కడుంది, నాన్న బోటు ఇక్కడుంది, నువ్వు చేసే పని ఎక్కడైనా చేసుకోవచ్చు కదా, నువ్వే ఇక్కడికి రా అంటాడు. వింటే ఒక్క అక్షరం కాదనలేం. లీ దగ్గర దీనికి జవాబు లేదు, ఉన్న జవాబు నోటితో చెప్పగలిగేది కాదు. నేను మొదటిసారి చూసినప్పుడు పూర్తిగా పాట్రిక్ పక్షమే, అందుకే అంత కోపం.

రాండీ సీన్ గురించి ఇప్పటికే లోకమంతా మాట్లాడింది. మిషెల్ విలియమ్స్ మొత్తం సినిమాలో కనిపించేది కొన్ని నిమిషాలే. మళ్ళీ పెళ్ళి చేసుకుంది, చంటిబిడ్డని స్ట్రోలర్‌లో తోసుకుంటూ రోడ్డు మీద లీకి ఎదురుపడుతుంది. నిన్ను అనరాని మాటలు అన్నాను, నా గుండె పగిలిపోయింది, నీదీ పగిలిపోయిందని తెలుసు, ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుందాం అని ఏడుస్తుంది. లీ ఆమె మాటలకి అడ్డొస్తూ, ఆమె లీ మాటలకి అడ్డొస్తూ, ఒక్క వాక్యం కూడా ఎవరూ పూర్తి చేయలేరు. క్షమించానని చెప్పడానికే వచ్చింది ఆవిడ. మామూలు కథైతే ఇక్కడితో వాడి బరువు దిగిపోవాలి, మళ్ళీ మనిషవ్వాలి. ఇక్కడ మాత్రం వాడు నాలో ఏమీ మిగల్లేదు అని తప్పించుకుని, నేరుగా బార్‌కెళ్ళి తన్నులు తింటాడు. పోలీసులు వదిలేశారు, ఊళ్ళో కొందరు వదిలేశారు, పిల్లల తల్లే వదిలేసింది. వాడే వదల్లేదు. ఎవరి క్షమాపణా లోపలికి దిగే దారి లేదు అక్కడ. జో ఫ్రెండ్ జార్జ్ వాణ్ణి లేపి ఇంటికి తీసుకెళ్తాడు, జార్జ్ భార్య జానీన్ దెబ్బలు తుడుస్తుంది. ఈ జార్జ్ దంపతుల్ని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక నా దృష్టిలో అసలు క్లైమాక్స్. చాలామంది రోడ్డు సీనే క్లైమాక్స్ అంటారు, నాకు మాత్రం ఇదే. లీ స్టవ్ మీద సాస్ పెట్టి సోఫాలో కునుకు తీస్తాడు. చనిపోయిన కూతుళ్ళు పక్కనే కూర్చుని ఉంటారు, ఎంత మామూలుగా అంటే ఒక్క సెకను మనకీ అది కల అని తెలియదు. నాన్నా, మేం కాలిపోతున్నాం కనపడట్లేదా అని ఒక పాప అడుగుతుంది. లేదమ్మా, మీరు కాలిపోవట్లేదు అంటాడు. లేచేసరికి వంటింట్లో పొగ, సాస్ మాడిపోయింది, పొగ అలారం మోగుతోంది. కొడుకు శవం పక్కగదిలో ఉండగా నిద్రపోయిన ఒక తండ్రికి కలలో ఆ బిడ్డే వచ్చి నాన్నా నేను కాలిపోతున్నా చూడట్లేదా అని అడిగిన కల గురించి ఫ్రాయిడ్ ఎప్పుడో రాశాడు, అక్కడా లేచి చూస్తే నిజంగానే కొవ్వొత్తి పడి మంట అంటుకుని ఉంటుంది. లోనర్‌గన్ దాన్ని తెచ్చి ఒక మామూలు రాత్రి వంటలో పెట్టాడు.

ఈ సీన్ ఏం చెప్తోందో ఆలోచించండి. అది పాట్రిక్ ఉండే ఇల్లు. ఇంకో పిల్లాడి బాధ్యత తన మీద ఉండగా, ఇంకోసారి, వీడి చేతిలో మంట. ఇది ఎంత పెద్దది అనేది కాదు ప్రశ్న, ఒక గిన్నె మాడింది అంతే, కానీ లీకి అది చాలు. ఈ ఊళ్ళో ఉండటం నా బాధకి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఈ పిల్లాడి క్షేమానికి సంబంధించింది కూడా అని అప్పుడు తేల్చుకున్నాడని నా నమ్మకం. దీని వెంటనే వాడు వెళ్ళేది జార్జ్ ఇంటికే. మొదటిసారి చూసినప్పుడు నేను ఈ రెండింటినీ కలిపి చూడలేదు. వెళ్ళిపోవడం పారిపోవడంలా కనపడింది. ఇప్పుడు చూస్తే బాధ్యత తీసుకున్నవాడు చేసే పనిలాగే ఉంది.

తర్వాత టేబుల్ దగ్గర సీన్. లీ పాట్రిక్‌కి చెప్తాడు, జార్జ్ వాళ్ళు నిన్ను దత్తత తీసుకుంటారు, ఇల్లు నీకు పద్దెనిమిది వచ్చేదాకా అద్దెకిద్దాం, బోటు నీదే, నేను బోస్టన్‌లో పని చూసుకున్నా. ఇదంతా అఫీషియల్ కాగితం చదివినట్టు చెప్తాడు. కాస్త ఆగి చూస్తే, పాట్రిక్ అడిగినవన్నీ ఇందులో ఉన్నాయి. స్కూలు మారక్కర్లేదు, హాకీ, ఫ్రెండ్స్, బోటు ఎక్కడివక్కడే. ఆ బోటు మోటారు పాడైతే జో గన్నులు అమ్మి కొత్తది కొనొచ్చు అని ఐడియా ఇచ్చింది కూడా లీనే, ఆ గన్నుల వంక వాడు చూస్తుంటే మనకి ఏ భయం వేస్తుందో, దాన్నే తిప్పి పిల్లాడికి పడవ నడిపే ఆనందంగా మార్చాడు. పాట్రిక్ అడిగినదాంట్లో ఒక్కటే లేదు, అదే లీ. ఎందుకు ఉండలేవు అని పాట్రిక్ అడిగితే లీ చెప్పే మాట నాలుగు ముక్కలు. దాన్ని గెలవలేకపోతున్నా. గెలవలేకపోతున్నా, సారీ. దాన్ని అంటే దేన్ని అని కూడా చెప్పడు. కేసీ ఆఫ్లెక్ ఆ మాట ఏడుస్తూ అనడు, గట్టిగా అనడు, డాక్టరు రిపోర్టు చదివినట్టు అంటాడు. అప్పటిదాకా రెండు గంటలు కట్టుకుని కూర్చున్న మనం అక్కడ తెగిపోతాం.

ఒక్క విషయం నా సొంతది చెప్పుకోవాలి. మా బంధువుల్లో ఒక పెద్దాయన, ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్నాక ఆ ఇంట్లో మళ్ళీ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పగలు వచ్చేవాడు, పనులన్నీ చూసేవాడు, పిల్లల ఫీజులు కట్టేవాడు, చీకటి పడేసరికి లేచి వెళ్ళిపోయేవాడు. మేమంతా ఎన్నేళ్ళు అన్నామో, కాలమే మాన్పుతుంది, గుండె రాయి చేసుకో, పిల్లల మొహం చూసైనా ఉండు అని. ఆయన ఊ అనేవాడు. మేం మంచి మాటే చెప్తున్నాం అనుకున్నాం. లీ ఆ టేబుల్ దగ్గర ఆ మాట అన్నప్పుడు నాకు ఆయన గుర్తొచ్చాడు, ఆయన ఎప్పుడూ అనలేకపోయిన మాట అది. అన్నుంటే మేం వినేవాళ్ళమా అంటే, వినేవాళ్ళం కాదు, ఇంకో నాలుగు ధైర్యం మాటలు చెప్పేవాళ్ళం. పాట్రిక్ విన్నాడు. ఏడ్చాడు, కానీ విన్నాడు. పదహారేళ్ళ పిల్లాడికి ఉన్న పెద్దరికం మాకు లేకపోయింది.

అయితే పాట్రిక్ ఎలా వినగలిగాడు అంటే దానికి ముందు ఒక సీన్ ఉంది. లీ గదిలో మూడు ఫోటో ఫ్రేములు చూస్తాడు. ఆ ఫోటోల్లో ఎవరున్నారో మనకి ఒక్కసారి కూడా చూపించరు, ఫ్రేముల వెనకభాగమే మనకి కనిపిస్తుంది, పాట్రిక్ మొహం కనిపిస్తుంది. మూడు అనే లెక్క చాలు. ఆ తర్వాత వాడు బాబాయితో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇక అంత్యక్రియలు. నేల మెత్తబడింది, జోని పూడ్చారు, రాండీ కూడా బిడ్డతో వచ్చింది. అయ్యాక లీ, పాట్రిక్ ఇద్దరూ గుట్ట ఎక్కుతూ నడుస్తుంటారు, చేతిలో ఒక రబ్బరు బంతి. లీ అంటాడు, బోస్టన్‌లో ఒక ఎక్స్‌ట్రా రూమ్ ఉన్న ఇల్లు వెతుకుతున్నా, మడత విప్పితే మంచమయ్యే సోఫా లాంటిదైనా వేయొచ్చు అని. ఎందుకు అని పాట్రిక్. నువ్వు అప్పుడప్పుడు వచ్చి ఉండటానికి, కాలేజీలు చూడటానికి వచ్చినప్పుడైనా. నేను కాలేజీకి వెళ్ళను. సరే, అయితే నా సామాను పెట్టుకుంటా.

సామాను! ఇందాక పక్కన పెట్టమన్న సీన్ తీయండి ఇప్పుడు. ఖాళీ గదిలో కుర్చీ కూడా వద్దన్న మనిషి, అన్న బలవంతం చేస్తే తప్ప సామాను కొనుక్కోని మనిషి, ఇప్పుడు తనంతట తానే ఇంకొకరి కోసం సోఫా గురించి మాట్లాడుతున్నాడు. జో తమ్ముడికి ఏం చేశాడో తమ్ముడు జో కొడుకుకి అదే చేస్తున్నాడు. రావడానికి ఒక చోటు. లీ మారలేదు అని విసుక్కునేవాళ్ళకి నేను చూపించేది ఇదే. కోలుకోలేదు, అది నిజం, కోలుకుంటాడని సినిమా ఎక్కడా చెప్పదు. కానీ తనకి తాను వేసుకున్న శిక్షలో సందర్శకులకి ఒక గది తెరిచాడు. దాన్ని వాడు సామాను పెట్టుకుంటా అనే పెడసరం మాటలో దాచేశాడు, ఎందుకంటే ఇంతకన్నా మెత్తగా మాట్లాడటం వాడికి రాదు.

దీని గురించి ఇప్పుడే మాట్లాడాలా అంటాడు పాట్రిక్. అక్కర్లేదు అంటాడు లీ. బంతి నేలకి కొట్టి ఒకరికొకరు అందించుకుంటూ నడుస్తారు. ఒకసారి అది తప్పిపోతుంది, వదిలెయ్ అనే మాట వినపడుతుంది. పెద్ద అర్థం పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు, కానీ ఆ ఇద్దరూ మాత్రం బంతి గురించే అనుకుంటున్నారు, అదే బాగుంది. కౌగిలింతలు లేవు, మ్యూజిక్ ఉప్పొంగడం లేదు.

చివరి షాట్‌లో ఇద్దరూ జో బోటులో చేపలు పడుతూ, మనకి వీపులు పెట్టి కూర్చుని ఉంటారు. సినిమా మొదలైంది కూడా ఆ బోటులోనే, అప్పుడు ముగ్గురు, జో స్టీరింగ్ దగ్గర, లీ చిన్న పాట్రిక్‌తో ఆటలాడుతూ, నిర్జన దీవికి ఒక్కరినే తీసుకెళ్ళాలంటే నన్నా మీ నాన్ననా అని పిల్లాణ్ణి ఏడిపిస్తూ. అప్పుడు మాటలే మాటలు, ఇప్పుడు మాటల్లేవు. అప్పుడు పిల్లాడు నాన్న అన్నాడు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాడూ లేడు, అడగాల్సిన పనీ లేదు.

లోపాలు లేవని కాదు. రాండీకి ఇంకో రెండు సీన్లు పడాల్సింది, పిల్లల్ని పోగొట్టుకున్నది ఆవిడ కూడా, కానీ కథ మొత్తం లీ భుజం మీదనించే చూస్తుంది, ఆవిడ మళ్ళీ ఎలా నిలబడిందో మనకి తెలియదు. పాట్రిక్ గర్ల్‌ఫ్రెండ్స్ ఇద్దరికీ సొంత మనసు ఉన్నట్టే రాయలేదు. పాట్రిక్ తల్లి ఇంట్లో భోజనం సీన్ మాత్రం బాగుంది, ఆవిడ తాగుడు మానేసి దేవుడి దారిలో పడి కొత్త మనిషితో ఉంటుంది, అందరూ ఎంత మర్యాదగా ఉంటారంటే ఊపిరాడదు, కాబోయే భర్తగా మాథ్యూ బ్రోడరిక్. మనిషి మారిపోయాను అని చెప్పుకునేవాళ్ళ ఇల్లు ఎంత పెళుసుగా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది, దాని పక్కన లీ మారలేను అని ఒప్పుకోవడం ఇంకా బరువెక్కుతుంది.

అవార్డుల సంగతి, 2017 ఆస్కార్స్‌లో కేసీ ఆఫ్లెక్‌కి బెస్ట్ యాక్టర్, లోనర్‌గన్‌కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే వచ్చాయి, మొత్తం ఆరు నామినేషన్లు. అమెజాన్ దీన్ని సండాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో కొనుక్కుంది, ఒక స్ట్రీమింగ్ కంపెనీ సినిమా బెస్ట్ పిక్చర్ నామినేషన్ దాకా వెళ్ళడం అదే మొదలు. మొదట మాట్ డామన్ డైరెక్ట్ చేసి నటిద్దామనుకుని, కుదరక లోనర్‌గన్ చేతికే వదిలేశాడు. లోనర్‌గన్ నాటకాలు రాసేవాడు కావడం వల్లేమో, మనుషులు ఒకరి మాటల మీద ఒకరు పడి మాట్లాడటం ఇంత సహజంగా వచ్చింది. రోడ్డు మీద లీ, పాట్రిక్ అరుచుకుంటుంటే పక్కనించి వెళ్తూ పిల్లల్ని బాగా పెంచుతున్నావ్ అని ఎత్తిపొడిచే మనిషి ఆయనే.

చూడబోయేవాళ్ళకి రెండు మాటలు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఆ మాసచుసెట్స్ యాసలో సగం మాటలు గొణుగుళ్ళే, ఆ గొణుగుళ్ళలోనే అసలు విషయం ఉంటుంది. ఈమధ్యే ఎవర్నైనా పోగొట్టుకున్నవాళ్ళు, ముఖ్యంగా చిన్నపిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు, దయచేసి ఇప్పుడు చూడకండి, ఎన్నాళ్ళకైనా పర్లేదు, సినిమా ఎక్కడికీ పోదు. మిగతావాళ్ళు సాయంత్రం ఏ పనీ లేని రోజున మొదలుపెట్టండి, ఒకే సిట్టింగ్‌లో. ఆ వంటింటి పొగ సీన్ దగ్గర నీళ్ళ కోసం లేవకండి, లేస్తే ఎండింగ్ మీకు కూడా నాకు మొదటిసారి కనపడినట్టే కనపడుతుంది. చివర్లో బోటు కనపడగానే అయిపోయిందని రిమోట్ అందుకోవద్దు, ఆ రెండు వీపుల్ని కాసేపు చూడండి.